పెద్దల స్నాతకోత్సవం: విశ్వవిద్యాలయం అప్పజెప్పాల్సిన లెక్క

(ఆచార్య జి. రాంరెడ్డి స్మారకోపన్యాస పాఠం)



ఆచార్య జి. రాంరెడ్డి గారిని తలచుకున్నప్పుడల్లా ఆయన చేసిన పదవుల జాబితా ముందుకొస్తుంది. 1977 నుంచి 1982 వరకు ఉస్మానియా ఉపకులపతి. 1982 ఆగస్టులో పుట్టిన ఆంధ్రప్రదేశ్ సార్వత్రిక విశ్వవిద్యాలయానికి, అంటే ఈనాటి డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ సార్వత్రిక విశ్వవిద్యాలయానికి, తొలి ఉపకులపతి. 1985లో ఢిల్లీలో ఇగ్నోకూ తొలి ఉపకులపతి. ఆ తర్వాత యూజీసీ అధ్యక్షులు. వీటన్నిటికంటే ముందు ఆయన పంచాయతీరాజ్ మీద పరిశోధన చేసిన ప్రభుత్వ పాలనాశాస్త్ర ఆచార్యులు. అధికారం ఊరి దగ్గరికి నిజంగా వెళ్తే ఏమవుతుంది, వెళ్లినట్టు కనిపించి వెళ్లకపోతే ఏమవుతుంది అన్నది ఆ అధ్యయనంలో అసలు ప్రశ్న. చదువు విషయంలోనూ ఆయన అడిగింది ఆ ప్రశ్నేనని నా అభిప్రాయం. దాన్నే ఇవాళ స్నాతకోత్సవం దగ్గరికి తీసుకొస్తున్నాను. నేను చెప్పదలచుకున్నది ఒక్కటే. మామూలు విశ్వవిద్యాలయంలో స్నాతకోత్సవం నాడు విద్యార్థి సంస్థ ముందు నిలబడతాడు. పెద్దవాళ్లు చదువుకునే విశ్వవిద్యాలయంలో ఆ రోజు సంస్థే విద్యార్థుల ముందు నిలబడాలి. ఉత్తీర్ణులైన ప్రతి ఒక్కరి పేరూ వాళ్ల ఇంటివాళ్లు వినేలా పిలవాలి. వాళ్లతో పాటు చేరి మధ్యలో ఆగిపోయినవాళ్లు ఎందరో, ఎందుకు ఆగిపోయారో కూడా అదే వేదిక మీది నుంచి చదవాలి.

స్నాతకోత్సవానికి మన దగ్గర ఉన్న పాత నమూనా తైత్తిరీయోపనిషత్తు శిక్షావల్లిలోది. వేదాధ్యయనం పూర్తిచేసి ఇంటికి బయలుదేరే శిష్యుడికి ఆచార్యుడు ఎలా బతకాలో చెప్పి పంపుతాడు. మన విశ్వవిద్యాలయాలు చాలావాటిలో ఇప్పటికీ ఆ ఉపదేశాన్నే చదువుతారు, లేదా దాని ఆధునిక రూపంగా ముఖ్య అతిథి స్నాతకోపన్యాసం ఇస్తారు. ఆ నమూనా వెనక ఒక వయసు ఉంది. శిష్యుడు ఇంకా సంసారంలో అడుగు పెట్టలేదు, లోకం చూడలేదు, ఇకమీదట చూస్తాడు. అందుకే ఉపదేశం సరిపోతుంది. సార్వత్రిక విశ్వవిద్యాలయంలో పట్టా అందుకునే మనిషి సంగతి వేరు. ఆమె అంగన్‌వాడీ కార్యకర్త కావచ్చు, ఆయన ఆర్టీసీ కండక్టరు కావచ్చు, ఇద్దరికీ పెళ్లీడు పిల్లలు ఉండవచ్చు. అప్పు తీర్చడం, ముసలి తల్లిదండ్రులను సాకడం, కూలి దినం పోగొట్టుకుని పరీక్ష రాయడం వాళ్లకు తెలుసు. వాళ్లను కూర్చోబెట్టి కష్టపడి పనిచేయండి, లక్ష్యాన్ని మరవకండి అని బోధించడంలో ఔచిత్యం లేదు. ఉపదేశం అక్కర్లేని చోట ఏం చేయాలి అన్న ప్రశ్నకు మన సార్వత్రిక విశ్వవిద్యాలయాలు గట్టిగా జవాబు వెతకలేదు. గౌన్లు, ఊరేగింపు, కులపతి ప్రకటన, బంగారు పతకాలు, ఇలా పాత పద్ధతినే యథాతథంగా తెచ్చుకున్నాయి.

ఇంగ్లండులో ఓపెన్ యూనివర్సిటీ ఈ విషయం గురించి కొంత ఆలోచించింది. 1963లో హెరాల్డ్ విల్సన్ గ్లాస్గోలో రేడియో ద్వారా, టెలివిజన్ ద్వారా నడిచే విశ్వవిద్యాలయం గురించి మాట్లాడినప్పుడు చాలామంది నవ్వారు. కన్సర్వేటివ్ నాయకుడు ఇయాన్ మెక్లియోడ్ దాన్ని అర్థంలేని ముచ్చటగా కొట్టిపారేశారు. దాన్ని పట్టుబట్టి నిలబెట్టిన మంత్రి జెన్నీ లీ బొగ్గుగని కార్మికుడి కూతురు. చేరడానికి ముందస్తు అర్హత అడగకూడదు, ఇచ్చే డిగ్రీ మాత్రం ఏ విశ్వవిద్యాలయం డిగ్రీకీ తీసిపోకూడదు అన్న రెండు షరతులనూ ఆమె చివరిదాకా వదల్లేదు. 1969లో రాజశాసనం వచ్చింది, 1971 జనవరిలో సుమారు 24,000 మందితో చదువు మొదలైంది. 1973 జూన్‌లో తొలి స్నాతకోత్సవం లండన్‌లోని అలెగ్జాండ్రా ప్యాలెస్‌లో జరిగింది. విద్యార్థులు తెల్లవారుజామున, రాత్రి పొద్దుపోయాక టీవీలో చూసిన పాఠాలను బీబీసీ తయారుచేసింది ఆ భవనంలోనే. పాఠం ఎక్కడి నుంచి బయలుదేరి తమ ఇంటికి వచ్చిందో ఆ చోటికే పట్టభద్రులు వెళ్లారన్నమాట. ఆ తొలి బృందంలో చాలామంది బడి పంతుళ్లు. శిక్షణ కళాశాలలో అంతకుముందు చేసిన చదువుకు మినహాయింపు దొరకబట్టే వాళ్లు అంత త్వరగా డిగ్రీ పూర్తిచేయగలిగారు. అంటే అట్టడుగువాళ్లే మొదట పైకొచ్చారని చెప్పుకోవడానికి లేదు. ఆ సంగతిని అక్కడివాళ్లు దాచలేదు. తమ విద్యార్థుల్లో కార్మికులు ఎందరు, టీచర్లు ఎందరు అన్న లెక్క మొదటి ఏళ్ల నుంచీ బహిరంగంగా చర్చకు వచ్చింది, విమర్శకూ గురైంది.

ఆ విశ్వవిద్యాలయంలో నన్ను బాగా ఆకట్టుకునేది గార్డినర్ సంగతి. గెరాల్డ్ గార్డినర్ బ్రిటన్‌లో లార్డ్ ఛాన్సలర్‌గా, అంటే న్యాయవ్యవస్థలో అత్యున్నత పదవిలో, పనిచేసినవారు. 1973 నుంచి 1978 వరకు ఓపెన్ యూనివర్సిటీకి కులపతి. కులపతిగా ఉంటూనే ఆయన అదే విశ్వవిద్యాలయంలో విద్యార్థిగా చేరి, డెబ్బై దాటిన వయసులో సాంఘికశాస్త్రాల్లో డిగ్రీ పూర్తిచేశారు. పట్టాలు పంచే మనిషి స్వయంగా అసైన్‌మెంట్లు రాసి మార్కుల కోసం పంపారు. ఇది ఒక పెద్దమనిషి వినయం కింద పొగిడి వదిలేసే విషయంగా నాకు కనిపించదు. పాఠం అర్థమవుతోందా, అసైన్‌మెంటు ఎన్ని రోజులకు తిరిగొస్తోంది, ట్యూటరు రాసిన వ్యాఖ్య పనికొస్తోందా అన్నది సంస్థ అధిపతికి విద్యార్థి స్థానంలోంచి తెలిసింది. సంస్థ విద్యార్థికి జవాబుదారీ కావడమంటే ఏమిటో చూపడానికి ఇంతకంటే స్పష్టమైన ఉదాహరణ నాకు తెలియదు. ఆ స్నాతకోత్సవాలు ఒక్క రాజధానికే పరిమితం కాలేదు కూడా. లండన్, మాంచెస్టర్, ఎడిన్‌బరో, కార్డిఫ్, బెల్‌ఫాస్ట్ లాంటి చోట్ల విడివిడిగా జరుగుతూ వచ్చాయి. వాటికి పట్టభద్రుల పిల్లలు వస్తారు, వేదిక మీదికి నడిచేది అమ్మ. మామూలు స్నాతకోత్సవంలో తల్లిదండ్రులు కూర్చునే వరసలో ఇక్కడ కొడుకులు, కూతుళ్లు కూర్చుంటారు.

పేరు పిలవడానికి ఇంత ప్రాధాన్యం ఎందుకు అని అడగవచ్చు. దూరవిద్య పుస్తకం ఒకటి తెరిచి చూడండి. పాఠం మొదట్లో లక్ష్యాలు ఉంటాయి. రెండు మూడు పేజీలకోసారి స్వయంపరీక్ష ప్రశ్నలు, వాటి కింద జవాబు రాసుకోవడానికి ఖాళీ గీతలు. పాఠం చివర సరిచూసుకోవడానికి జవాబులు. తరగతి గదిలో గురువు చేసే పని మొత్తాన్ని కాగితం మీదికి మార్చిన తెలివైన ఏర్పాటు అది. తెలుగులో ఆ పుస్తకాలను మంచి పండితులు రాశారు. విశ్వవిద్యాలయంలో చేరనివాళ్లు, గ్రూప్స్ పరీక్షలకు చదివేవాళ్లు కూడా అంబేద్కర్ యూనివర్సిటీ పుస్తకాలను వెతికి కొనుక్కున్నారంటే వాటి నాణ్యతకు వేరే సాక్ష్యం అక్కర్లేదు. అయితే ఆ ఖాళీ గీతల మీద రాత్రి పదకొండింటికి, ఇల్లంతా పడుకున్నాక, పెన్సిలుతో రాసిన జవాబును ఎవరూ చూడరు. తప్పు రాస్తే దిద్దేవాళ్లు లేరు, ఒప్పు రాస్తే మెచ్చుకునేవాళ్లు లేరు. ఆదివారం కాంటాక్ట్ క్లాసుకు వెళ్లగలిగినవాళ్లకు నలుగురు తోటివాళ్లు కనిపిస్తారు. షిఫ్టు డ్యూటీలో ఉన్నవాళ్లకు, పొలం పనిలో ఉన్నవాళ్లకు, చంటిపిల్లలున్నవాళ్లకు అదీ కష్టమే. మూడేళ్ల చదువులో విశ్వవిద్యాలయం వాళ్ల ముఖం చూసేది పరీక్ష హాల్లో మాత్రమే, అదీ హాల్ టికెట్ మీది ఫొటోతో పోల్చి చూసుకోవడానికి. రెగ్యులర్ కాలేజీ విద్యార్థిని మూడేళ్లలో ఎన్నోసార్లు పేరు పెట్టి పిలిచి ఉంటారు. అతనికి స్నాతకోత్సవంలో పేరు వినపడకపోయినా పెద్ద లోటు లేదు. దూరవిద్యలో చదివినవాళ్లకు ఆ పిలుపు మొదటిది, చివరిది కూడా అదే. సంస్థ వాళ్లకు బాకీ పడింది అక్కడ.

చదువు గుట్టుగా సాగినంతకాలం ఒక మనిషికే ఉపయోగపడుతుంది, నలుగురిలోకి వచ్చాక ఊరిని కదిలిస్తుంది. దీనికి తెలుగు నేల మీదే పెద్ద రుజువు ఉంది. నెల్లూరు జిల్లాలో 1990ల మొదట్లో సాక్షరతా ఉద్యమం నడిచింది. రాత్రి కేంద్రాల్లో ఆడవాళ్లు గుమిగూడి చదివిన పాఠాల్లో సారా మీద పోరాడిన స్త్రీల కథ ఒకటి ఉంది. ఆ కథను ఒక్కొక్కరూ ఇంట్లో ఒంటరిగా చదివి ఉంటే ఏమయ్యేదో మనం చెప్పలేం. కలిసి చదివారు, కలిసి మాట్లాడుకున్నారు, 1992లో దూబగుంటలో సారా దుకాణాన్ని కదిలించారు. 1993 అక్టోబరు నాటికి రాష్ట్రంలో సారా అమ్మకం నిషిద్ధమైంది. అక్షరాలు నేర్చుకున్నవాళ్లకు అక్కడ ఎవరూ పట్టాలు ఇవ్వలేదు. కానీ వాళ్ల చదువు అందరి కళ్లముందూ జరిగింది. అంతకు రెండు తరాల ముందు దుర్గాబాయి దేశ్‌ముఖ్ జీవితమూ ఇదే చెబుతుంది. చిన్నప్పుడే బడి మానేసి, ఉప్పు సత్యాగ్రహంలో జైలుకెళ్లి, బయటికొచ్చాక పెద్ద వయసులో బెనారస్ మెట్రిక్యులేషన్ ప్రైవేటుగా కట్టి, ఆంధ్ర విశ్వవిద్యాలయంలో బీఏ, మద్రాసులో న్యాయశాస్త్రం పూర్తిచేశారామె. తాను గట్టెక్కడంతో ఆగలేదు. 1937లో మద్రాసులో ఆంధ్ర మహిళాసభను మొదలుపెట్టి, బడి మధ్యలో ఆగిపోయిన ఆడపిల్లలను కూర్చోబెట్టి అదే మెట్రిక్యులేషన్‌కు చదివించారు. కేంద్ర సాంఘిక సంక్షేమ బోర్డు అధ్యక్షురాలిగా వయోజన స్త్రీల సంక్షిప్త విద్యాకోర్సులను దేశమంతటికీ తీసుకెళ్లారు. ఆలస్యంగా చదువుకున్న ఒక మనిషి నలుగురికీ కనిపిస్తే ఆ దారిన ఇంకెందరు వస్తారో అంచనా వేయడానికి ఆమె ఒక్కరు చాలు.

ఇప్పుడు మన స్నాతకోత్సవాల దగ్గరికి వద్దాం. ఎక్కువ చోట్ల జరిగేది ఇది. రాజధానిలో ఒక ప్రాంగణం, పనిదినాన ఉదయం పదకొండు గంటల సభ. కులపతి హోదాలో గవర్నరు వస్తారు, కాబట్టి తేదీ ఆయన వీలును బట్టి ఖరారవుతుంది. పరిశోధక పట్టాలు, బంగారు పతకాలు అందుకునేవాళ్లు వేదిక ఎక్కుతారు. మిగతా వేలమందికీ ఒక్కొక్క విభాగానికి ఒక్కో వాక్యంలో పట్టాలు ప్రదానమైపోతాయి. వాళ్లలో అత్యధికులు ఆ సమయానికి ఆ సభలోనే ఉండరు. ఫీజు కట్టి ఇన్ అబ్సెన్షియా కింద, అంటే సభకు రాకుండానే పట్టా పొందే పద్ధతిలో, దరఖాస్తు చేసుకుంటే ఓడీ, అంటే అసలు పట్టా, పోస్టులో వస్తుంది. పోస్ట్‌మ్యాన్ దగ్గర సంతకం పెట్టి తీసుకోవడంతో ఆ చదువు ముగుస్తుంది. నెల్సన్ మండేలా 1989లో దక్షిణాఫ్రికా విశ్వవిద్యాలయం నుంచి న్యాయశాస్త్రంలో డిగ్రీ పొందినప్పుడు ఆ సభకు వెళ్లలేదు. ఆయన జైల్లో ఉన్నారు. ఆదిలాబాద్ జిల్లా టీచరమ్మను, మెదక్ రైతును రానివ్వని జైలు ఏదీ లేదు. తేదీ, దూరం, బస్సు ఖర్చు, పోయే కూలి, వెళ్లినా తన పేరు ఎవరూ పిలవరన్న ఎరుక, ఇవే అడ్డు.

ప్రతి ఒక్కరి పేరూ పిలవాలనడానికి వచ్చే మొదటి అభ్యంతరం ఖర్చు, సమయం. వేలమంది పేర్లు ఎలా పిలుస్తారని అడుగుతారు. లెక్క వేద్దాం. ఒక మనిషి పేరు పిలిచి, వేదిక దాటి, పట్టా అందుకోవడానికి పది సెకన్లు చాలు. గంటకు 360 మంది, మూడు గంటలకు 1,080 మంది. తెలంగాణలో 33 జిల్లాలున్నాయి. ఒక్కో జిల్లాలో ఒక్క ఆదివారం మూడు గంటల సభ పెడితే 35,640 మంది పేర్లు పిలవవచ్చు. అధ్యయన కేంద్రం ఇప్పటికే ఏదో ఒక ప్రభుత్వ డిగ్రీ కాలేజీలో ఉంది. అక్కడ హాలు ఉంది, కుర్చీలు ఉన్నాయి, కౌన్సెలర్లు ఉన్నారు. గవర్నరు రాలేకపోవచ్చు, ఉపకులపతి ప్రతిచోటికీ వెళ్లలేకపోవచ్చు. వాళ్ల ప్రసంగం కోసం ఎవరూ రావడం లేదు గనక ఆ లోటు భరించదగ్గదే. పైగా ఇది కొత్త ఊహేమీ కాదు. ఇగ్నో తన స్నాతకోత్సవాన్ని ఢిల్లీలో జరుపుతూ అదే సమయంలో హైదరాబాద్, విజయవాడ, విశాఖపట్నం లాంటి ప్రాంతీయ కేంద్రాల్లోనూ జరుపుతోంది. ప్రాంతీయ కేంద్రం దాకా వచ్చిన పని జిల్లా దాకా వెళ్లడానికి కావలసింది ప్రధానంగా సంకల్పం.

గౌన్లూ టోపీలూ వలసపాలన వాసన, ఆ ఆడంబరాన్ని ఊళ్లోకి ఎందుకు మోయాలన్నది మరో మాట. ఆ మాటతో నాకు పేచీ లేదు. చేనేత వస్త్రాలు వాడమని యూజీసీయే విశ్వవిద్యాలయాలకు రాసింది. పోచంపల్లి కండువా వేసుకున్నా, ఇంటి చీరతోనే వచ్చినా పట్టా విలువ తగ్గదు.

వీటికంటే బరువైన అభ్యంతరం ఒకటుంది. దూరవిద్యలో చేరినవాళ్లలో పూర్తిచేసేవాళ్లు తక్కువ. పూర్తిచేసినవాళ్ల డిగ్రీని కూడా ఉద్యోగమిచ్చేవాళ్లు చిన్నచూపు చూస్తారు. ఈ రెండు జబ్బులూ అలాగే ఉండగా వేడుకకు డబ్బు, శ్రద్ధ పెట్టడం అసలు సమస్యను కప్పిపెట్టడమే కదా అంటారు. న్యాయమైన మాట. వేడుకను వేడుకగానే జరిపితే అది నిజంగానే కప్పిపుచ్చుతుంది. బంగారు పతకాల ఫొటోలు మర్నాడు పత్రికల్లో వస్తాయి, చేరి ఆగిపోయినవాళ్ల సంఖ్య ఎక్కడా రాదు. నేను లెక్క అంటున్నది ఇందుకే. జిల్లా సభలో పేర్లు పిలవడానికి ముందు అధ్యయన కేంద్రం సమన్వయకర్త లేచి నాలుగు సంగతులు చదవాలి. ఈ బృందంలో మన కేంద్రంలో చేరినవాళ్లు ఇంతమంది, ఇవాళ పట్టా అందుకుంటున్నవాళ్లు ఇంతమంది. పుస్తకాలు చేతికి ఎప్పుడు అందాయి, ఎన్ని కాంటాక్ట్ క్లాసులు జరగాల్సి ఉండగా ఎన్ని జరిగాయి. ఆగిపోయినవాళ్లను మేం అడిగితే చెప్పిన కారణాలు ఇవి. ఈ పట్టాతో ఏ ఉద్యోగాలకు, ఏ పై చదువులకు అర్హత ఉంది, ఎక్కడ చిక్కు ఉంది. ఆ సభలో కూర్చున్నవాళ్లు ఈ లెక్కను పరీక్షించగలరు. పుస్తకం పరీక్షకు వారం ముందు వచ్చిందో, మూణ్నెల్ల ముందు వచ్చిందో వాళ్లకు తెలుసు. ఫస్టియర్‌లో తన పక్కన కూర్చున్న అమ్మాయి ఎందుకు మానేసిందో కూడా తెలుసు. వార్షిక నివేదిక పాలకమండలి ముందు పెడతారు. అక్కడ దాన్ని అనుభవంతో ఖండించగల మనిషి ఒక్కరూ ఉండరు.

చివరి సంగతిని, అర్హత సంగతిని, ఎందుకు చేర్చానో చెప్పాలి. సార్వత్రిక విద్య మొదట్లో ఇంటర్ లేనివాళ్లకూ ప్రవేశపరీక్ష ద్వారా డిగ్రీలోకి దారి తెరిచింది. కొన్ని విశ్వవిద్యాలయాలు ఇంకా ముందుకెళ్లి డిగ్రీ లేకుండానే పీజీ ఇచ్చాయి. 2009లో అన్నామలై విశ్వవిద్యాలయం కేసులో సుప్రీంకోర్టు, యూజీసీ నిబంధనలకు విరుద్ధంగా వచ్చిన అలాంటి పీజీ ఉద్యోగార్హతగా చెల్లదని చెప్పింది. నిబంధన మీరింది సంస్థ, నష్టపోయింది చదువుకున్న మనిషి. ఏళ్ల తరబడి కష్టపడి తెచ్చుకున్న కాగితం ఎక్కడ చెల్లుతుంది, ఎక్కడ చెల్లదు అన్నది కోర్టు మెట్ల మీద కాకుండా పట్టా చేతికిచ్చే రోజునే, ఇంకా మంచిదైతే చేర్చుకునే రోజునే, తెలియజెప్పడం విశ్వవిద్యాలయం కనీస ధర్మం.

సార్వత్రిక విద్యార్థులను మామూలు విద్యార్థులతో సమానంగా చూడమని ఇన్నాళ్లూ అడిగి, ఇప్పుడు వాళ్లకు వేరే తరహా సభ అంటే రెండో తరగతి ముద్ర మనమే వేసినట్టు కాదా అన్నది సహృదయులు అడిగే ప్రశ్న. సిలబస్‌లో, ప్రశ్నపత్రంలో, మూల్యాంకనంలో రవ్వంత తేడా ఉండకూడదు. జెన్నీ లీ పట్టుబట్టింది అక్కడే, రాంరెడ్డి గారు మంచి పాఠ్యరచయితలను ఏరి తెచ్చుకున్నదీ అందుకే. సభ ఎలా జరగాలన్నది డిగ్రీ ప్రమాణానికి సంబంధించిన విషయం కాదు. ఇరవై ఏళ్ల పిల్లలకు అనువుగా కుట్టిన కార్యక్రమాన్ని నలభై ఏళ్ల మనిషికి తొడిగి సమానత్వం అనడం సమానత్వం పేరు చెప్పి బాధ్యత తప్పించుకోవడమే. నిజానికి లెక్క అప్పజెప్పే పద్ధతిని ఇక్కడ మొదలుపెడితే రెగ్యులర్ విశ్వవిద్యాలయాలు దాన్ని ఇక్కడి నుంచి నేర్చుకోవచ్చు. వాటిలోనూ మధ్యలో ఆగిపోయేవాళ్లు ఉన్నారు, వాళ్ల గురించీ ఎవరూ మాట్లాడరు.

జాతీయ విద్యావిధానం 2020 ఉన్నత విద్యలో స్థూల నమోదు నిష్పత్తిని 2018 నాటి 26.3 శాతం నుంచి 2035 కల్లా 50 శాతానికి చేర్చాలని లక్ష్యం పెట్టుకుంది. కొత్త కాలేజీ భవనాలతో మాత్రమే అది జరిగే పని కాదని ఆ పత్రమే దూరవిద్యకు, ఆన్‌లైన్ విద్యకు ఇచ్చిన చోటును బట్టి తెలుస్తుంది. అంటే రాబోయే ఏళ్లలో విశ్వవిద్యాలయం గడప తొక్కకుండా విద్యార్థులయ్యేవాళ్లు ఇంకా పెరుగుతారు. నమోదు పెంచడం తేలిక, ప్రకటన ఇస్తే జనం చేరతారు. చేరినవాళ్లను చివరిదాకా తీసుకురావడమే కష్టం. ఆ కష్టానికి ఎవరు పూచీపడ్డారో, ఎంతవరకు చేశారో జనం ముందు చెప్పే రోజు ఒకటి ఏటా ఉంటే తప్ప ఆ పని జరగదని నా నమ్మకం.

ఈ సభలో విశ్వవిద్యాలయ పాలకులు ఉన్నారు, అధ్యయన కేంద్రాల సమన్వయకర్తలు ఉన్నారు. మీకు నా విన్నపం ఇది. వచ్చే స్నాతకోత్సవానికి రెండు జిల్లాలను ఎంచుకోండి, ఒకటి హైదరాబాదుకు దూరంగా ఉన్నది కావాలి. ఆదివారం పెట్టండి. ఇన్ అబ్సెన్షియా ఫీజు కట్టినవాళ్లకు కూడా ఉత్తరం రాసి పిలవండి, కుటుంబంతో రమ్మనండి. ఆహ్వానపత్రం వెనక పట్టభద్రుల పేర్లన్నీ అచ్చు వేయించండి. ఆ పేర్ల కింద, చేరినవాళ్ల సంఖ్యనూ పూర్తిచేసినవాళ్ల సంఖ్యనూ పక్కపక్కన అచ్చు వేయించండి.